వస్త్రదానం

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట మునిగిపోయాయి. మర్నాడు కృష్ణకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ రికార్డు దాటింది. బుడమేరు గండ్లు పూడ్చడానికి సికింద్రాబాద్ నుంచి సైన్యం ఇంజినీర్లు కూడా వెళ్లారు. ఇనుప తీగల బుట్టల్లో రాళ్లు నింపి, ఏడో తేదీన ఆఖరి గండి పూడ్చారు. ఆ రోజు వినాయక చవితి.

ఆ కబురు సికింద్రాబాద్ కార్ఖానాలోని ఒక అపార్ట్‌మెంటులో చవితి మండపం దగ్గర తెలిసింది. సెక్రటరీ మైకు అందుకున్నాడు.

"మన కంటోన్మెంటు జవాన్లు వెళ్లి గండి పూడ్చారు. మనం ప్రసాదం తిని పడుకుంటే బాగుండదు. ఏదైనా పంపుదాం."

అందరూ చప్పట్లు కొట్టారు. బియ్యం కొందామని ఒకాయన అన్నాడు. చవితి చందా మొన్ననే ఇచ్చామని ఇంకొకాయన గుర్తుచేశాడు. మందులా అంటే, ఏ మందో ఎవరికి తెలుసన్నారు. చివరికి బట్టల దగ్గర మాట కుదిరింది. బట్టలైతే ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి.

లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. "ఉతికినవి, చిరగనివి మాత్రమే ఇవ్వగలరు."

మూడు రోజుల్లో సెల్లారు నిండింది. రంగు వెలిసిన నైటీలు వచ్చాయి. జిప్పు లేని ప్యాంట్లు వచ్చాయి. టైతో సహా స్కూలు యూనిఫారాలు వచ్చాయి. ఏ పెళ్లిలోనో ఒకసారి తొడిగిన జరీ షేర్వాణీ ఒకటి వచ్చింది. వాచ్‌మన్ భార్య కూర్చుని అన్నీ మడతలు పెట్టింది. సెక్రటరీ మిలిటరీ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఫ్లాటు నంబరు, వస్తువు, సంఖ్య, మూడు గడులు గీసి రిజిస్టరు రాశాడు.

నాలుగో అంతస్తు ఆవిడ డబుల్‌కాట్ దుప్పటి తెచ్చింది. నూలు దుప్పటి, నేత గట్టిగానే ఉంది. నడిమధ్యన ఇస్త్రీపెట్టె అంటుకుని మాడిన మచ్చ ఉంది.

"ఈ మచ్చ లోపలికి పోయేట్టు మడత పెట్టవే. పైకి కనిపిస్తే బాగుండదు" అంది వాచ్‌మన్ భార్యతో.

వాచ్‌మన్ భార్య మచ్చ లోపలికి పోయేట్టు మడత పెట్టింది. సెక్రటరీ రిజిస్టరులో "దుప్పటి, 1" అని రాశాడు.

మరుసటి ఆదివారం తెల్లవారకముందే బట్టల మూటలతో డీసీఎం వ్యాను బయల్దేరింది. ముందు ఫ్లెక్సీ కట్టారు. "కార్ఖానా నుంచి బెజవాడకు వస్త్రదానం." సెక్రటరీ, మరో ఇద్దరు డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్నారు.

సింగ్ నగర్‌లో వాళ్లు వెళ్లిన వీధిలో నీళ్లు తీసేశాయి. గోడల మీద తలెత్తి చూసేంత ఎత్తున నీటి చార ఉంది. వీధి పొడుగునా పరుపులు, ఫ్రిజ్‌లు, పుస్తకాలు గుట్టలుగా పడేసి ఉన్నాయి. సందు మొదట్లో ఫైరింజను గొట్టంతో ఇళ్లు కడుగుతున్నారు. ఎంత కడిగినా మూలల్లో బంకమట్టి కదలడం లేదు. వాసన వస్తోంది.

డీసీఎం ఒక ఇంటి ముందు ఆగింది. గడపలో ఒక ముసలమ్మ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. మేడ మీద దండేనికి ఇంకో నాలుగు మంచి చీరలు ఆరుతున్నాయి.

"ఏం తెచ్చారు బాబూ?"

"బట్టలమ్మా. హైదరాబాదు నుంచి తెచ్చాం."

ముసలమ్మ చీపురు పక్కన పెట్టి మూట విప్పింది. షేర్వాణీని రెండు వేళ్లతో ఎత్తి అవతల పెట్టింది. యూనిఫారాలు అవతల పెట్టింది. దుప్పటి దగ్గర చెయ్యి ఆగింది. నలిపి చూసింది. విప్పింది. మచ్చ బయటపడింది.

సెక్రటరీ తల తిప్పుకున్నాడు.

మాడిన చోట వేలు పెట్టి ఆవిడ లాగింది. దుప్పటి పర్రున రెండుగా చినిగింది. రెండు నాలుగైంది. ఒక ముక్క బకెట్లో ముంచి గడప మీద వేసి రుద్దింది. బంకమట్టి గుడ్డకు వచ్చేసింది. గడప పసుపు రంగు కనిపించింది.

ఆవిడ మొహం విప్పారింది. ఇరుగుపొరుగును కేకేసింది.

"ఇటు రండే! తుడుపుగుడ్డలు తెచ్చారు!"

నాలుగిళ్ల ఆడవాళ్లు వచ్చారు. మూటలన్నీ దింపించారు. నైటీలు చింపారు. లుంగీలు చింపారు. ముసలమ్మ సెక్రటరీ ముందుకొచ్చి తడి చేతులతోనే దండం పెట్టింది.

"బియ్యం ఇచ్చారు, పప్పు ఇచ్చారు, పాలు ఇచ్చారు. అన్నీ వచ్చాయి బాబూ. ఇల్లు తుడుచుకోడానికి పాతగుడ్డలు కావాలని మాత్రం మీ ఒక్కరికే తోచింది. మీ పిల్లాపాపలు చల్లగా ఉండాలి."

సెక్రటరీ కూడా దండం పెట్టాడు.

"ఇంకొక్క మాట, ఏమీ అనుకోకండి" అంది ముసలమ్మ. "ఈ పాలిస్టరువి నీళ్లు పీల్చవు. ఇవి తీసుకెళ్లండి. ఇంకెవరికైనా పనికొస్తాయేమో."

రాత్రి తిరుగు దారిలో టీకి ఆగినప్పుడు సెక్రటరీ అపార్ట్‌మెంటు గ్రూపులో మెసేజ్ పెట్టాడు.

"సింగ్ నగర్ చేరాం. మన బట్టలు చూసి వాళ్లు ఎంతో సంతోషించారు. అక్కడికక్కడే వాడుకలో పెట్టారు. పాలిస్టరువి వెనక్కి తెస్తున్నాం, ఎవరివి వారు తీసుకెళ్లగలరు. ఈసారి వరదకు నూలువి మాత్రమే ఇవ్వగలరు."