అన్నగారి కంపెనీ

మే డే పుట్టిల్లు చికాగో. 1886 మే 1న ఎనిమిది గంటల పని కోసం సమ్మె, 4న హేమార్కెట్‌లో బాంబు, మరుసటి ఏడు నవంబరులో నలుగురికి ఉరి. ఆ ఊరి పేరు చెప్పుకుని విజయవాడలో మనం ఎర్రజెండా ఎగరేస్తాం. చికాగోలో మాత్రం ఆ రోజు ఎవరి డ్యూటీకి వాళ్లు వెళ్లాల్సిందే. అక్కడ కార్మికుల సెలవు సెప్టెంబరు మొదటి సోమవారం. 1894లో ఆ సెలవు చట్టం మీద సంతకం పెట్టిన క్లీవ్‌లాండ్ దొరగారే, వారం తిరక్కుండా పుల్‌మన్ రైల్వే సమ్మె మీదికి సైన్యాన్ని పంపారు. మే 1ని ఊరికే వదిలేస్తే బాగుండదనుకున్నారో ఏమో, 1958లో దాన్ని ‘లాయల్టీ డే’ చేశారు. విధేయతా దినమన్నమాట!

విధేయత సంగతి అమెరికా వెళ్లిన మన కుర్రాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. డాలస్ శివార్లలోనో, న్యూజెర్సీ ఎడిసన్‌లోనో ఒక గెస్ట్‌హౌస్. ఆరుగురు మనుషులు, ఒక రైస్ కుక్కర్, గోడ పక్కన వరసగా ఇంకా విప్పని సూట్‌కేసులు. ప్రాజెక్టు రాలేదు గనక జీతం లేదు. అడిగితే కన్సల్టెన్సీ నడిపే అన్న భుజం మీద చెయ్యేస్తాడు. “ఏం తమ్ముడూ, మనమంతా ఒక ఫ్యామిలీ. రానీ, చూసుకుందాం.” ఈలోగా వీసా స్టేటస్ నిలబడాలంటే పే స్టబ్ కావాలి కదా? ఆ డబ్బేదో తమ్ముడే పంపిస్తే, పన్నులూ అన్నగారి ఖర్చులూ పోను మిగిలింది జీతంగా ఖాతాలో పడుతుంది. తన జీతం తానే కట్టుకునే కార్మికుణ్ణి పాపం మార్క్స్ కూడా ఊహించలేదు.

అదే అన్న ఉగాది వేడుకల్లో ప్లాటినం స్పాన్సరు. శాలువా కప్పేటప్పుడు ముందు వరసలో చప్పట్లు కొట్టేదీ ఈ తమ్ముడే.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. ప్రాజెక్టు లేకపోయినా హెచ్1బి వీసా మీదున్న ఉద్యోగికి జీతం ఇచ్చి తీరాలని 1998 నుంచీ ఉంది. పిటిషన్ ఖర్చూ, లాయరు ఫీజూ యజమానివే. ఉద్యోగానికి జీతమెంతో చెప్పే నోటీసు పనిచేసే చోట రెండు తావుల్లో 10 రోజులు కనబడేలా పెట్టాలి. పెడతారు కూడా, కాఫీ మెషీన్ పక్కన, పుట్టినరోజు కేకు ప్రకటన కింద. చదివేదెవరు? చదివినా అడిగేదెవరు? ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సరును వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు. ఏ దేశానికైనా ఏడు శాతమేనన్న లెక్కతో గ్రీన్‌కార్డు క్యూ ఏళ్ల తరబడి కదలదు. నోరు తెరవాలంటే యజమాని చేతిలో ఉన్న వీసా కాగితం గుర్తొస్తుంది. విధేయతకు వేరే దినం ఎందుకు?

2025 సెప్టెంబరులో ట్రంప్‌గారు, బయటి నుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్1బి మనిషికి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. అమెరికన్ కార్మికుణ్ణి కాపాడటానికట. ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్న కుర్రాడికి రావలసిన రెండు నెలల జీతం ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

తమ్ముడూ, కార్మిక శాఖలో వేజ్ అండ్ అవర్ డివిజన్ అని ఒకటుంది. ఫిర్యాదు ఫారం పేరు డబ్ల్యూహెచ్-4. ఫీజు లేదు. తప్పు జరిగిన 12 నెలల్లోపు ఇవ్వాలి. ఫిర్యాదు చేశావని కక్ష సాధించడం కూడా చట్టవిరుద్ధమే. పే స్టబ్బులూ, అన్నగారి వాట్సాప్ మెసేజీలూ చెరిపేయకు.