గెలిచినా గెంటుడే!

అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు పేరు చెబితే ఒకప్పుడు ప్రత్యర్థులు హడలిపోయేవారు. టామ్ ఆస్బోర్న్ కోచ్‌గా 1994, 1995, 1997లలో జాతీయ టైటిళ్లు. తర్వాత వచ్చిన ఫ్రాంక్ సోలిచ్ 2003 రెగ్యులర్ సీజన్‌లో 9 గెలిచి 3 ఓడారు. ఇదేం ఆటని అథ్లెటిక్ డైరెక్టర్ స్టీవ్ పెడర్సన్ ఆయనకు ఉద్వాసన పలికారు.

మరుసటి ఏడాదే కొత్త కోచ్‌తో 5 గెలుపులు, 6 ఓటములు! 1961 తర్వాత గెలుపుల కన్నా ఓటములు ఎక్కువైన సీజన్ అదే మొదటిది. 35 ఏళ్లుగా తప్పని, సీజన్ చివర ఆడే బౌల్ మ్యాచ్ కూడా తప్పింది. 2007లో పెడర్సన్‌కూ ఉద్వాసనే.

బుద్ధి వచ్చిందా? ఏడేళ్లూ ఏటా కనీసం 9 గెలిచిన కోచ్ బో పెలీనీని 2014లో సాగనంపారు. (ఆయన నోటి దురుసూ తక్కువేం కాదు లెండి.)

ఆఖరికి 1997 విజేత జట్టు క్వార్టర్‌బ్యాక్ స్కాట్ ఫ్రాస్ట్‌నే కోచ్‌గా రప్పించారు. 16 గెలుపులు, 31 ఓటములు. 2022 అక్టోబరు 1 దాకా ఆగితే ఆయనకిచ్చే పరిహారం సగానికి తగ్గేది. ఆగితేగా! సెప్టెంబరు 11నే తొలగించి, సుమారు కోటిన్నర డాలర్లు నెత్తిన వేసుకున్నారు.

తప్పెవరిదంటే అందరి వేలూ కోచ్ వైపే. ఆ కోచ్‌లను ఏరికోరి తెచ్చిన పెద్దలకేం, 1962 నుంచీ స్టేడియంలో టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి!