ఐదు గిగాబైట్ల అభయహస్తం

ఇంటి కంప్యూటర్‌లో ఉన్నదానికి మరోచోట నకలు ఉంచుకోవడం బ్యాకప్. అసలు పోయిన రోజున ఆ నకలును తెచ్చి మళ్లీ నిలబెట్టుకోవడం రీస్టోర్. మొదటిది చేశామని అందరూ అనుకుంటారు. రెండోది చేసి చూసినవారు అరుదు. ఈ సందులోనే వ్యాపారం నడుస్తుంది.

2025 అక్టోబరు 14న విండోస్ 10కి నీళ్లొదులుతూ మైక్రోసాఫ్ట్ కొంత దయ కూడా చూపింది. ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 దాకా, భద్రతా అప్‌డేట్లు కావాలంటే దారులు మూడు. 30 డాలర్లు కట్టవచ్చు. 1000 రివార్డు పాయింట్లు పోగేసి సమర్పించవచ్చు. రెండూ చేతకానివారు విండోస్ బ్యాకప్ అనే మీట నొక్కితే చాలు, అంతా ఉచితం. ఈ షరతు ఏమిటని యూరప్‌లో వినియోగదారుల సంఘాలు నిలదీశాక, అక్కడివారికి మీట నొక్కే పని కూడా తప్పించారు. విజయవాడకు, వరంగల్‌కు ఆ మినహాయింపు వర్తించదు. ఇక్కడి వైరస్‌లకు బ్యాకప్ మీట చూస్తే భయం కాబోలు.

ఆ మీట నొక్కితే ఏం జరుగుతుందో వరుసగా చూడాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ వంటి ఫోల్డర్లు మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతాయి. వైఫై పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు గుర్తుంటాయి. ఇన్‌స్టాల్ చేసిన యాప్‌ల పేర్లు కూడా గుర్తుంటాయి, పేర్లు మాత్రమే. కొత్త కంప్యూటర్‌లో స్టోర్‌లో దొరికేవాటిని మళ్లీ దించుకోవచ్చు. మిగతావాటిని యజమానే వెతికి తెచ్చుకోవాలి. డి డ్రైవ్ జోలికి ఈ బ్యాకప్ పోదు. వాల్‌పేపర్ మాత్రం చెక్కుచెదరకుండా తిరిగొస్తుంది.

ఇంత సేవకు ఉచితంగా కేటాయించిన చోటు 5 జీబీ. ఫోటో ఒక్కోటి 4 ఎంబీ అనుకుంటే పన్నెండు వందల పైచిలుకు పడతాయి. తెలుగు పెళ్లి ఒక్కటి చాలు. హల్దీ, సంగీత్, పెళ్లికొడుకుని చేయడం అన్నీ ఎక్కి, తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి క్లౌడ్ నిండిపోతుంది. అప్పుడు తెర మీద హెచ్చరిక మొదలవుతుంది: చోటు లేదు, నెలకు ఇంత కట్టండి. అభయహస్తం అరచెయ్యి తిప్పి చాపేది అక్కడే.

కట్టినవారికైనా దక్కేది ఏమిటి? అసలుకు ఏమైనా తాను క్షేమంగా ఉండేదాన్ని నకలు అంటారు. వన్‌డ్రైవ్ చేసేది సింక్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అక్కడి చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. పిల్లవాడు వేసవి సెలవుల్లో చెరిపిన ఫోల్డరు దసరాకు గుర్తొస్తే చేసేదేమీ లేదు. విసుగెత్తి ఆ మీట కట్టేసినవారి డెస్క్‌టాప్ ఒక్కసారిగా ఖాళీగా కనబడుతుంది. ఫైళ్లు పోలేదు, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయాయి. కానీ ఆ సంగతి తెలియని ఇంటిపెద్ద గుండె ఆ నిమిషం ఎలా కొట్టుకుంటుందో ఆ తెర గీసినవారికి పట్టలేదు.

భద్రతా అప్‌డేట్ అంటే అమ్మినవాడు తన సరుకులోని లోపాన్ని తానే సరిదిద్దడం. అది కొన్నవాడి హక్కు. దాన్ని ఎరగా వేలాడదీసి, జనాన్ని నెలనెలా అద్దె కట్టే గదిలోకి తోలి, ఆ తోలుడుకు బ్యాకప్ అని పేరు పెట్టడం సిగ్గుమాలిన పని. కంప్యూటర్‌ను మొత్తంగా బయటి డిస్క్‌లోకి ఎత్తే సాధనం విండోస్ 7 నాటి నుంచీ ఉంది. దాన్ని ఇక పెంచబోమని 2017లో ప్రకటించారు. కంట్రోల్ ప్యానెల్ మూలన, పాత విండోస్ పేరుతోనే, అది ఇప్పటికీ పడి ఉంది. దాని వల్ల నెలవారీ ఆదాయం ఉండి ఉంటే ఈపాటికి టాస్క్‌బార్ నడిమధ్యన మెరిసేది.

ఇళ్లలో సొంతంగా సాగే పద్ధతులూ ఉన్నాయి. ముఖ్యమైనవి డి డ్రైవ్‌లో పెట్టుకోవడం వాటిలో ప్రసిద్ధం. చాలా ఇళ్లలో సి, డి రెండూ ఒకే డిస్క్ ముక్కలు. దొంగల భయంతో నగలను బీరువా పై అరలోంచి కింది అరలోకి మార్చడం లాంటిది ఇది. ఫోటోలను వాట్సాప్‌లో తమకు తామే పంపుకోవడం మరొకటి. నకలు మిగులుతుంది, నాణ్యత మిగలదు. కొందరు నమ్ముకునే సిస్టమ్ రీస్టోర్ విండోస్ సొంత ఫైళ్లను వెనక్కి తిప్పుతుందే తప్ప పోయిన పెళ్లి ఫోటోలను తేలేదు. ఇక సర్వీస్ సెంటర్ శాస్త్రమంతా ఒకే వాక్యం: ‘ఫార్మాట్ కొట్టేద్దాం, డేటా ఏమైనా ఉందా?’

హార్డ్‌డిస్క్ కొని, దాన్ని ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచేవారూ ఉన్నారు. ఫైళ్లను బంధించి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ అసలుతో పాటు దానికీ తాళం వేస్తుంది. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లనే వదల్లేదు.

రీస్టోర్ సంగతి ఇంకా కష్టం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్‌లో పొరపాటున డేటాబేస్ చెరిగిపోయింది. నకళ్లకు ఐదు ఏర్పాట్లున్నా సమయానికి ఒక్కటీ సరిగా అక్కరకు రాలేదు. ఒక ఇంజినీరు ఆరు గంటల ముందు వేరే పనికి తీసిపెట్టిన నకలే వారిని కాపాడింది. నకలే లేకపోతే ఆ అవకాశమూ ఉండదు. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రం తగలబడి, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు పోయాయి. పరిమాణం ఎక్కువైందని బయట నకలే పెట్టలేదు.

తెలుగు ఫైళ్లకు ఇంకో చిక్కుంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పుస్తకాన్ని ఫైలుగా మాత్రమే దాచితే, తెరిచిన రోజున అక్షరాల స్థానంలో అర్థంకాని గుర్తులు కనబడతాయి. ఫాంటునూ, పీడీఎఫ్ ప్రతినీ పక్కనే ఉంచాలి. ఏ భాష ఫైళ్లకైనా, కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ అడిగే 48 అంకెల తాళంచెవిని కాగితం మీద రాసుకోవాలి.

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రానికి మీటలూ పాయింట్లూ అక్కర్లేదు. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి ఇంటి బయట. బయటి హార్డ్‌డిస్క్ ఒకసారి కొంటే నెలనెలా అద్దె అడగదు. పని కాగానే దాన్ని ఊడదీసి పెట్టాలి. ఇప్పటికే డిస్క్ ఉన్నవారు ఈ ఆదివారం దాన్ని వేరే కంప్యూటర్‌కు తగిలించి, ఒక పాత ఫోటో, ఒక పాత ఫైలు తెరిచి చూడండి. తెరుచుకోకపోతే ఆ ఇంట్లో బ్యాకప్ లేనట్టే లెక్క.