సలహాకు సిగ్నల్ ఫుల్

2009 ఫిబ్రవరిలో తిరుపతిలో జాతీయ ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) విద్యా మిషన్‌ను ప్రారంభించారు. విశ్వవిద్యాలయానికి 1 గిగాబిట్ లింకు, కాలేజీలకు 512 కిలోబిట్ల కనెక్షన్లు అన్నారు. 2010 మార్చిలో 5,990 కోట్ల రూపాయలతో జాతీయ జ్ఞాన నెట్‌వర్క్‌కూ కేంద్రం పచ్చజెండా ఊపింది. పైస్థాయిలో సలహా కమిటీలకు కొదవ లేదు. కేబుల్ కాలేజీ గేటు దాకా ఎలా రావాలో చెప్పేవాళ్లు బోలెడు. గేటు నుంచి తరగతి గదికి చేరిందా అని చూసేవాళ్లే కరువు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నమాట. నెట్‌వర్క్ స్విచ్ కాలిపోతే, నల్గొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయ పరిధిలోని కోదాడ విద్యార్థికి జేబులోని డేటా ప్యాకే దిక్కు.

ఈ కమిటీలు లేకుంటే కేబుల్ వేసే కాంట్రాక్టరు ఆడిందే ఆట కాదా అంటారు. నిజమే. కానీ బిల్లు ఆపే అధికారం లేని కమిటీ అతనికి అడ్డమేమిటి? మహా అయితే టీ, బిస్కెట్ల ఖర్చు. సాంకేతిక విషయాలు అందరికీ అర్థం కావనే వాదనా ఉంది. వైఫై రావట్లేదని చెప్పడానికి (పాపం, రోజూ చెబుతూనే ఉన్నారు) ఎంటెక్ అక్కర్లేదు. కొనుగోలుకు సలహాదారులుంటారు, మరమ్మతుల పద్దుకు ఎవరూ ఉండరు. వైస్‌ఛాన్సలర్లూ, ఈసారి కమిటీలో లైబ్రేరియన్‌నూ, ల్యాబ్ అసిస్టెంటునూ, ఒక విద్యార్థినీ కూర్చోబెట్టండి. వాళ్లు సంతకం పెట్టాకే బిల్లు చెల్లించండి.