ఇంకా నడుస్తది సార్!

వికారాబాద్ అడవిలో తెల్లారగట్ల నెమలి కూత వినిపిస్తుందని మా తోడల్లుడు ఊరిస్తే, పోయిన నెల పిల్లల్ని కారులో వేసుకుని అనంతగిరి దిక్కు బయల్దేరాం. కూత నిజంగానే వినిపించింది. కాకపోతే అది నెమలిది కాదు, రిసార్టు వెనక ఎర్రమట్టి మైదానంలో చక్కర్లు కొడుతున్న నాలుగు చక్రాల ఏటీవీ బండిది. మలుపు దగ్గర పెడల్ మీద కాలు పడ్డప్పుడల్లా, ఇనుప బీరువాను గచ్చు మీద ఈడ్చినట్టు ఒకటే కీచు.

"వెనక బ్రేకు అరుస్తోంది తమ్మీ" అన్నాను, టికెట్లు చింపుతున్న కుర్రాడితో.

"అరుస్తుందంటే పనిచేస్తున్నట్టే కద సార్" అన్నాడు.

కాదనడానికి నోరు రాలేదు. రోగి మూలుగుతున్నాడంటే బతికున్నట్టే కదా మరి!

ఊరుకోలేక బండి వెనక చతికిలబడి ఫోను లైటు వేశాను. ఈ రకం బండ్లకు వెనక రెండు చక్రాలకూ కలిపి ఇరుసు ఒకటే, దాని మీద డిస్కు ఒకటే, దాన్ని కరిచి పట్టుకునే క్యాలిపర్ ఒకటే. అంటే తండ్రినీ కొడుకునీ ఎక్కించుకుని వాలులో దిగే ఆ బరువును వెనక నుంచి ఆపే పూచీ మొత్తం రెండు చిన్న ప్యాడ్లది. ప్యాడంటే పెద్ద బ్రహ్మపదార్థమేం కాదు. ఇనుప రేకు, దాని మీద రాపిడి కోసం అతికించిన నల్లటి బిళ్ల. ఆ బిళ్ల అరిగి మిల్లీమీటరు మందానికి వచ్చిందంటే మార్చెయ్యమని చాలా బండ్ల పుస్తకాల్లో రాసే ఉంటుంది. ఇక్కడ మిల్లీమీటరు మాట అడక్కండి. బిళ్ల ఎప్పుడో మట్టిలో కలిసింది. మిగిలిన రేకు డిస్కును గీకి గీకి పాత గ్రామఫోను రికార్డు చేసింది. ఇందాకటి నుంచి మేం వింటున్నది ఆ రికార్డే.

"బిళ్లే లేదు కదయ్యా!" అన్నాను.

"పెడల్ గట్టిగనే ఉంది సార్. ఇంకా నడుస్తది."

వెటకారం సంగతి అటుంచి ఒక్క నిజం ఒప్పుకోవాలి. పెడల్ గట్టిగానే ఉంది. ఈ వేదాంతమంతా నిలబడింది ఆ గట్టిదనం మీదే. ప్యాడు అరిగిన కొద్దీ క్యాలిపర్‌లోని పిస్టన్ అంతమేరకు ముందుకు జరిగి నిలుస్తుంది, దాని వెనక ఖాళీలోకి ఆయిల్ దిగుతుంది. కాలికి పెద్దగా తేడా తెలియదు. తెలిసేది ఆయిల్ డబ్బాకే. అందులో మట్టం నెమ్మదిగా కిందికి జారుతుంది. బండి తన రోగం తానే చెప్పుకుంటోందన్నమాట. మనవాళ్లు దాన్ని దాహం అనుకుంటారు. మట్టం తగ్గిందా, సీసా వంచి నింపెయ్. ఆ సీసా కూడా ఎప్పుడో నిరుటి వానాకాలంలో మూత తీసి షెడ్డు కిటికీలో పెట్టింది. బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్ 4 రకం తాజాగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరక్కూడదు. తేమ తాగాక 155 డిగ్రీల దాకా తట్టుకుంటే చాలు, అదీ పరీక్షలో పాసే. మూత లేని సీసాలో పండిన ఆయిల్ ఎన్ని డిగ్రీల దాకా ఓర్చుకుంటుందో ఆ కిటికీనే అడగాలి. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కట్టిందంటే ఆ గట్టి పెడల్ కాస్తా దూదిపింజ అవుతుంది.

నింపుడు వైద్యానికి ముందు ఇంకో రెండు వైద్యాలున్నాయి. మొదటిది అభిషేకం. అరిస్తే మగ్గుతో నీళ్లు పోస్తారు. కాసేపు అరుపు ఆగుతుంది. ఏడ్చే పిల్లాడి నోట్లో బెల్లంముక్క పెట్టినట్టు. రెండోది ఉప్పుకాగితం. ప్యాడ్లు ఊడదీసి, ఉప్పుకాగితం మీద రుద్ది, "సాఫ్ చేసినం" అని మళ్లీ బిగిస్తారు. మందం దండిగా ఉండి పైన మెరుపు కట్టిన ప్యాడుకైతే ఆ రుద్దుడుకు ఎంతోకొంత అర్థముంది. పిసరంత మిగిలిన దాన్ని రుద్దడమంటే అడుగంటిన గిన్నెను గీకి అన్నం పెరిగిందని సంబరపడటమే. మూడో వైద్యం కూడా ఒకచోట చూశాను, రాయడానికి చెయ్యి ఆడటం లేదు. కీచుమంటోందని డిస్కు మీద ఇంజనాయిల్ చుక్కలు వేశారు. శబ్దం శాశ్వతంగా పోయింది. బ్రేకు కూడా.

ముందు బ్రేకు ఏమైందని అడుగుతారేమో. లీవరు ఉంది, పట్టుకుంటే గుడిగంట తాడులా ఊగింది. "అది ముట్టద్దు సార్, పల్టీ కొడ్తది" అన్నాడు కుర్రాడు. వాణ్ని అని లాభం లేదు. స్కూటరు నేర్పిన ప్రతి బాబాయీ, ప్రతి మేనమామా మనకు చెవిలో ఊదిన మంత్రమే అది. బ్రేకు వేస్తే బరువంతా ముందుకు తూగుతుందనీ, చదునైన రోడ్డు మీద ఆపే సత్తువలో పెద్ద వాటా ముందు చక్రానిదేననీ ఏ బాబాయీ చెప్పడు. అందుకే మన ఇళ్లలో ముందు బ్రేకు పెళ్లినాటి పట్టుచీరలా మడత నలగకుండా ఉంటుంది, వెనకది ఇంటి కోడలిలా అరిగిపోతుంది. నేనూ ఆ తానులో ముక్కనే. మా ఇంటి బండి వెనక బ్రేకు మూడు నెలలు కీచుమంటే హారన్ ఖర్చు కలిసొచ్చిందనుకున్న పెద్దమనిషిని.

బండి ట్యాంకు మీద ఒక స్టిక్కరు ఉంది. మనిషిని ఎక్కించుకోవద్దనీ, హెల్మెట్ లేకుండా నడపొద్దనీ, 16 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వొద్దనీ, తారురోడ్డు ఎక్కొద్దనీ. ఈ సంగతులన్నీ బండికి అంటించాల్సిన అవసరం ఊరికే రాలేదు. హోండా వాళ్లు 1970లో మూడు చక్రాల బండితో మొదలుపెట్టిన ఈ సరదా అమెరికాలో ఎంతమందిని ఆసుపత్రి పాలు చేసిందంటే, 1988లో అక్కడి ప్రభుత్వం కంపెనీలతో కోర్టు ఒప్పందం రాయించుకుంది. మూడు చక్రాలవాటి అమ్మకం అంతటితో ఆగిపోయింది. నాలుగు చక్రాలవాటికి ఈ హెచ్చరికలు మిగిలాయి. ఇక్కడ ఆ హెచ్చరిక మీద సగానికి ఓ సినిమా హీరో బొమ్మ అంటించి ఉంది. గడ్డం కింద చెయ్యి దూరుస్తున్న ఆ హీరో చేతి పక్కన 16 అన్న అంకె ఒక్కటే కనిపిస్తోంది. అది బండి నంబరనుకున్నాడు మా చిన్నాడు. వాడికి తొమ్మిదేళ్లు.

ఇంతలో ఓనరు వచ్చాడు. "ప్యాడ్లు మార్పించొచ్చు కదండీ" అంటే, సీజను అయిపోనీ అన్నాడు. సీజనులోనే కదా జనం ఎక్కేది! ఖర్చు మాట ఎత్తాడు. ప్యాడ్ల జత ధర ఓ కుటుంబం రెండు రౌండ్లు తిరిగిన టికెట్టు డబ్బుకు మించదు. డిస్కు పోతే దానికి ఎన్నో రెట్లు. అదే బండికి మాత్రం ముందు నీలం లైట్లు, వెనక ఎర్ర లైట్లు, సీటు కింద దడదడలాడే స్పీకరు. పాట పెంచితే కీచు వినపడదట. నాలుగో వైద్యం.

పనైనా పెద్దదా అంటే అదీ కాదు. మా వీధి ఉస్తాద్ నా బండికి చేస్తుంటే పక్కన స్టూలు వేసుకుని చూశాను. చక్రం విప్పాడు, పిన్ను లాగాడు, క్యాలిపర్ ఊడదీసి గొట్టం మీద బరువు పడకుండా తీగతో వేలాడదీశాడు. పాత ప్యాడునే అడ్డం పెట్టి పిస్టన్‌ని మెల్లగా వెనక్కి నొక్కాడు. అప్పుడు బయటపడింది నా నింపుడు వైద్యం. డబ్బాలో నేను ఉదారంగా పోసిన ఆయిల్ పొంగి, బండి రంగు మీదికి కారింది. బ్రేక్ ఆయిల్ రంగును తినేస్తుంది. ఉస్తాద్ తలెత్తకుండానే, "ఎవడు పోసిండు?" అన్నాడు. నేను ఆకాశం చూశాను. కొత్త ప్యాడ్లు కూర్చోబెట్టి, జారే పిన్నులకు పలచగా గ్రీజు రాసి, బోల్టులు బిగించాక, బండి కదల్చకముందే పెడల్‌ని పదిసార్లు తొక్కాడు. మొదటి రెండు మూడు తొక్కులకు పెడల్ నేలకు అంటింది. పిస్టన్ తిరిగి ముందుకొచ్చి ప్యాడ్లను తాకేదాకా బ్రేకు ఉండదు. ఆ పది తొక్కులు మర్చిపోయి రోడ్డెక్కినవాడు కొత్త ప్యాడ్లతోనే గోడకు గుద్దుతాడు. మొత్తం ముప్పావుగంట, మధ్యలో రెండు చాయ్‌లు.

ఈ కథంతా రిసార్టు ఓనరుకు చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. ఈలోగా మా ఆవిడ, "బండి కింద దూరడానికేనా ఇంత దూరం తీసుకొచ్చారు?" అంది. పిల్లల్ని ఎక్కించనన్నాను. చిన్నాడు ఏడుపందుకున్నాడు. వాడి కీచుకు మగ్గు నీళ్లు కాదు, ఐస్‌క్రీము కావాల్సి వచ్చింది.

బయల్దేరుతుంటే ఓనరు కారు దాకా వచ్చాడు. మాట పడ్డ మనిషిలా ముఖం చిన్నబుచ్చుకుని, "సేఫ్టీ మీద మాకు పట్టింపు లేదనుకోకండి సార్" అంటూ మైదానం కొస చూపించాడు. అక్కడ వాలు ఆగేచోట నడుమెత్తున పాత టైర్ల కుప్ప, దానికి ఎరుపూ తెలుపూ రంగులు.

"ఇదివరకు ఒక్క వరసే ఉండేది. ఈ సీజనుకు రెండు వరసలు చేయించినం."