ఆగని బొమ్మల కొలువు

కదిలే జిఫ్ బొమ్మలను ఒక ఫోల్డరులో పోగేసి, వాటంతటవే ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా, చివరిది కాగానే మళ్లీ మొదటిది ఎత్తుకునేలా తెర మీదికి వదలడాన్ని ఆటోమేటిక్ లూపింగ్ స్లైడ్‌షో అంటారు. ఇందుకు మూడు కావాలి: ఒక తెర, ఒక పెన్‌డ్రైవ్, తెర ఖాళీగా కనిపిస్తే పరువు పోతుందన్న భయం. చూసేవాళ్లు ఉంటే మంచిదే గానీ తప్పనిసరి కాదు. ఫంక్షన్ హాళ్లలో వేదిక వెనక ఎల్‌ఈడీ వాల్ మీద, ఆసుపత్రుల్లో టోకెన్ నంబర్లు వచ్చే టీవీలో, రియల్ ఎస్టేట్ వెంచర్ల ఆఫీసుల్లో రిసెప్షన్ బల్ల వెనక, కాలేజీ వార్షికోత్సవాల్లో ముఖ్య అతిథి వచ్చేదాకా ఇది విరివిగా కనిపిస్తుంది.

ఈ ఏర్పాటులో రెండు చక్రాలుంటాయి. లోపలిది బొమ్మ చక్రం. జిఫ్‌లోని ఫ్రేములు వరసగా ఆడి, అయిపోయి, మళ్లీ మొదలవుతాయి. బయటిది స్లైడ్‌షో చక్రం. అది గడియారం చూసుకుని, ఇన్ని సెకన్లు కాగానే ఉన్న బొమ్మను తీసేసి ఇంకోటి పెడుతుంది. లోపలి చక్రం ఎక్కడిదాకా తిరిగిందో బయటి చక్రానికి తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా దానికి లేదు. ఈ పద్ధతి ఘనత యావత్తూ ఇక్కడి నుంచే వచ్చింది.

చరిత్ర చూస్తే ఇది ముందుకు వెళ్లి వెనక్కి వచ్చిన విద్య. 1832లో బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో ఫెనకిస్టోస్కోప్ అనే అట్ట పళ్లేన్ని తయారుచేశాడు. పళ్లెం చుట్టూ బొమ్మలు, అంచున చీలికలు. అద్దం ముందు పెట్టి తిప్పుతూ చీలికల్లోంచి చూస్తే బొమ్మలోని నర్తకి గిరగిరా తిరిగేది. పళ్లెం గుండ్రం కాబట్టి ఆ నాట్యానికి మొదలూ చివరా ఉండేవి కావు. ఈ ఇబ్బంది నుంచి బయటపడటానికి అరవై ఏళ్లు పట్టింది. 1892 అక్టోబరు 28న పారిస్‌లోని గ్రెవాన్ మ్యూజియంలో ఎమిల్ రెనో తన ఆప్టికల్ థియేటర్ ప్రదర్శన మొదలుపెట్టాడు. పళ్లెం మానేసి పొడవాటి పట్టీ మీద బొమ్మలు వేశాడు. ‘పోవ్ర్ పియెరో’ ఒక్కదానికే చేత్తో 500 బొమ్మలు వేశాడు. దాంతో కదిలే బొమ్మకు కథ వచ్చింది, కథకు ముగింపు వచ్చింది, ముగిశాక జనం లేచి ఇళ్లకు వెళ్లే సదుపాయమూ వచ్చింది.

ఆ సదుపాయాన్ని తీసేసే పని తర్వాతి శతాబ్దం చేపట్టింది. 1961లో కొడాక్ కంపెనీ క్యారౌసెల్ ప్రొజెక్టరును అమ్మకానికి తెచ్చింది. 80 స్లయిడ్లు పట్టే గుండ్రటి ట్రే దాని నెత్తిన ఉండేది. ఎనభయ్యోది చూపించాక ఆపకపోతే అది మళ్లీ మొదటిదానికే వచ్చేది. మేనమామ ఊటీ యాత్ర ఫొటోలను రెండోసారి చూడాల్సిన అవసరం మానవజాతికి యంత్రపరంగా కలిగింది అప్పుడే. అయితే అందులో బొమ్మలు కదిలేవి కావు. బొమ్మ కదలక, ప్రదర్శన ఆగక కొంతకాలం గడిచింది.

1987 ఈ రంగానికి శుభ సంవత్సరం. ఆ ఏప్రిల్‌లో ఫోర్‌థాట్ అనే సంస్థ మెకింతోష్ కంప్యూటర్ల కోసం పవర్‌పాయింట్‌ను విడుదల చేసింది. కొద్ది నెలలకే మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనేసింది. జూన్‌లో కంప్యుసర్వ్ సంస్థలో స్టీవ్ విల్‌హైట్ బృందం జిఫ్ ఫార్మాట్‌ను బయటపెట్టింది. నత్తనడక మోడెముల మీద రంగుల బొమ్మలను చిన్న ఫైళ్లుగా పంపడం దాని అసలు పని. 1989లో వచ్చిన రెండో వెర్షన్‌లో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య ఎంత ఆగాలో చెప్పే ఏర్పాటు చేర్చారు. చేరుస్తూనే, ఇది యానిమేషన్ కోసం ఉద్దేశించినది కాదనీ, ఏదో పరిమితంగా వాడుకోవచ్చుననీ ఆ ఫార్మాట్ పత్రంలోనే రాసిపెట్టారు. ఇలాంటి హెచ్చరికలు సాధారణంగా వాటిని రాసినవారి మనశ్శాంతికి పనికొస్తాయి.

అదే పత్రంలో ఇంకో విశేషం ఉంది. ప్రతి ఫ్రేముకూ ఒక బిట్ కేటాయించారు. ఆ బిట్‌ను 1 చేస్తే, చూసే మనిషి మీట నొక్కేదాకానో, చెప్పిన గడువు తీరేదాకానో బొమ్మ ఆగాలి. అంటే ‘చూశారా? ఇక ముందుకు వెళ్లమంటారా?’ అని ప్రేక్షకుణ్ని అడిగే మర్యాద జిఫ్‌కు రెండో వెర్షన్ నుంచే ఉంది. బ్రౌజర్లు తయారుచేసినవాళ్లు ఫ్రేముల గడువును పట్టించుకుని, ఈ బిట్‌ను మాత్రం వదిలేశారు.

బదులుగా 1995–96లో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 మరో ఏర్పాటు చేసింది. ఫైల్లో ‘నెట్‌స్కేప్ 2.0’ అన్న ముద్ర వేసి, పక్కన రెండు బైట్లలో ఒక అంకె రాస్తే బొమ్మ అన్నిసార్లు తిరుగుతుంది. ఒకటి నుంచి 65,535 దాకా ఏ అంకె అయినా వేసుకోవచ్చు. సున్నా వేస్తే ఎప్పటికీ ఆగదు. ఇంత విశాలమైన అవకాశం ఇచ్చినా లోకమంతా సున్నానే ఎంచుకుంది. 2008లో ఆ బ్రౌజరుకు అండ ఆగిపోయింది గానీ, ఆగకుండా తిరిగే దాదాపు ప్రతి జిఫ్ కడుపులోనూ దాని పేరు నేటికీ ఉంది. గానుగెద్దుకైనా నూనె దిగాక కాడి దించుతారు. సున్నా పడిన జిఫ్‌కు ఆ యోగం లేదు.

ఇక ప్రదర్శనలో జరిగేదేమిటో చూడాలి. ఒక పెళ్లి రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ వాల్ మీద పన్నెండు జిఫ్‌లు, ఒక్కోదానికి అయిదేసి సెకన్లు పెట్టారనుకుందాం. మొదటిది వినాయకుడు. తల వెనక కిరణాల చక్రం 1.2 సెకన్లలో ఒక చుట్టు తిరుగుతుంది. అయిదు సెకన్లలో నాలుగు చుట్లు పూర్తిచేసి, అయిదోది మొదలుపెట్టిందో లేదో మాయమవుతుంది. రెండోది మూడు సెకన్ల గులాబీ రేకుల వాన. ఒకసారి కురిసి, రెండోసారి రేకులు గాల్లో ఉండగానే ఆగిపోతుంది. మూడోది దండలు మార్చుకునే దృశ్యం, నిడివి ఏడు సెకన్లు. పెళ్లికొడుకు నవ్వుతాడు, దండ ఎత్తుతాడు, చేతులు పెళ్లికూతురి తలదాకా తెస్తాడు. అయిదు సెకన్లయిపోయాయి. తెర మీద ఫొటోగ్రాఫరు ఫోన్ నంబరు ప్రత్యక్షమవుతుంది. నిమిషం తిరిగేసరికి వినాయకుడు, గులాబీలు, మళ్లీ అదే పెళ్లికొడుకు, అదే దండ. మూడు గంటల రిసెప్షన్‌లో 180 సార్లు దండ ఎత్తినా ఒక్కసారీ అది పెళ్లికూతురి మెడ చేరదు. కింద వేదిక మీద సంసారం మొదలైపోయింది. పైన తెర మీద ఇంకా పెళ్లే కాలేదు.

వీడియో మిక్సింగ్ కుర్రాణ్ని తప్పుపట్టి లాభం లేదు. బొమ్మ ముగిశాక మారుద్దామని సాఫ్ట్‌వేర్ అనుకున్నా, ఎప్పటికీ ఆగనని జిఫ్ ముందే రాసిచ్చింది. వెబ్‌పేజీల్లో వీడియోకు ‘అయిపోయింది’ అని కబురు చేసే ఏర్పాటుంది. బొమ్మగా పెట్టిన జిఫ్‌కు లేదు. ఫైలు విప్పి ఫ్రేముల గడువులన్నీ కూడితే నిడివి తెలుస్తుంది. ఆ పని చేసే ప్రోగ్రాములు లేకపోలేదు. అయితే ఎల్‌ఈడీ వాల్‌కు అవి ఎక్కాలంటే, అసలు ఇక్కడొక సమస్య ఉందని ఎవరికైనా అనిపించాలి.

వేగానిది మరో కథ. జిఫ్‌లో కాలాన్ని సెకనులో నూరో వంతులుగానే కొలుస్తారు. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో ఫ్రేముకు నూరో వంతులు నాలుగూ, ఇంకాస్త. ఆ ‘ఇంకాస్త’ను జిఫ్‌లో రాసే చోటు లేదు. పోనీ మహా వేగంగా ఆడించాలని గడువు సున్నా అనో ఒకటి అనో వేస్తే, ఇప్పటి బ్రౌజర్లు దాన్ని పదిగా మార్చేసి సెకనుకు పది ఫ్రేముల చొప్పున నడిపిస్తాయి. జోరుగా కురవాలనుకున్న రేకులు ఒక్కొక్కటీ ముహూర్తం చూసుకుని దిగుతాయి.

రంగుల సంగతీ అంతే. జిఫ్‌లో ఒక్కో ఫ్రేము పట్టికలో 256 రంగులకు మించి పట్టవు. కంచిపట్టు చీర ఎరుపు, జరీ పసుపు, దీపాల వెలుగు, పూలు, చందనం, అన్నీ ఆ 256లోనే సర్దుకోవాలి. వాటాల్లో పెళ్లికూతురి చెంపకు మిగిలేవి కొన్నే. నీడ నెమ్మదిగా మారాల్సిన చోట మెట్లుమెట్లుగా వలయాలు కనబడతాయి. వాటిని కప్పడానికి చుక్కలు చల్లే పద్ధతి ఉంది. ఫోన్‌లో ఆ చుక్కలు కంటికి ఆనవు. ఇరవై అడుగుల తెరమీద మాత్రం పెళ్లికూతురికి అమ్మవారు పోసినట్టుంటుంది. పైగా ఒకే రంగు బారుగా ఉంటేనే జిఫ్ బాగా కుదించుకుంటుంది కాబట్టి, చుక్కలు చల్లిన కొద్దీ ఫైలు ఉబ్బుతుంది.

ఇదే దృశ్యాన్ని ఎంపీ4 వీడియోగా చేస్తే ఫైలు ఎన్నో రెట్లు తగ్గుతుంది, రంగులూ నిలుస్తాయి. అందుకే ట్విటర్ 2014లోనే తన దగ్గరికొచ్చిన జిఫ్‌లను వీడియోలుగా మార్చడం మొదలుపెట్టింది. వాట్సాప్‌లో జిఫ్ పేరుతో తిరిగేదీ శబ్దం లేని చిన్న వీడియోనే. పండగ పూట చుట్టాల గ్రూపుల్లో వెలిగే దీపాల్లో చాలావాటికి జిఫ్ ప్రాణం ఎప్పుడో పోయింది. పోనిది లూపు ఒక్కటే.

ఈ పద్ధతిని సమర్థించేవారికి మూడు వాదనలున్నాయి. కదలిక చూపును లాగుతుందన్నది మొదటిది. నిజమే, ఓరచూపుకు కదిలే వస్తువు ముందు కనిపిస్తుంది. కానీ కాసేపటికి ప్రమాదమేమీ లేదని మెదడు తేల్చుకున్నాక దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. వెబ్‌పేజీల్లో మిగతావాటికన్నా కొట్టొచ్చినట్టు పెట్టిన బ్యానర్లనే జనం చూడకుండా దాటేస్తున్నారని పరిశోధకులు 1998 నాటికే గమనించి, దానికి ‘బ్యానర్ అంధత్వం’ అని పేరు పెట్టారు. దగ్గర కూర్చుని మార్చే మనిషి అక్కర్లేదన్నది రెండో వాదన. ఆ మనిషికి తప్పిన శ్రమ ఎక్కడికీ పోలేదు, హాల్లో ఉన్న అందరికీ తలా కొంచెం పంచారు. ఎప్పుడొచ్చినవారైనా అన్నీ చూడవచ్చునన్నది మూడో వాదన. ఆసుపత్రిలో దీని ఫలం బాగా తెలుస్తుంది. టోకెన్ నంబరు కూడా లూపులో ఒక స్లైడే అయినప్పుడు, అది వచ్చిన అయిదు సెకన్లూ రోగి కాస్త పక్కకు చూశాడా, మోకాళ్ల నొప్పుల ప్యాకేజీ, నవ్వే పాపాయి, డ్రోను తీసిన భవనం, మెరిసే హృదయం అన్నీ దర్శించుకుంటే గాని తన నంబరు మళ్లీ రాదు. వచ్చేసరికి లోపల పిలుపు ఇంకొకరికి వెళ్లిపోతుంది.

ఈ వ్యవహారానికి నియమాలు లేకపోలేదు. 2008లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.0 అనే వెబ్ సౌలభ్య ప్రమాణాల ప్రకారం, వెబ్‌పేజీలో దానంతటదే మొదలై, మిగతా విషయాల పక్కన అయిదు సెకన్లకు మించి కదిలేదేదైనా ఉంటే, దాన్ని ఆపే వీలు చూసేవారికి ఉండాలి. సెకనుకు మూడుసార్లకు మించి మెరిసేదేదీ పెట్టకూడదన్నది ఇంకో నియమం. ఇందులో చాదస్తం లేదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపూ నీలమూ సెకనుకు పన్నెండుసార్ల చొప్పున మెరిసిన కొద్ది క్షణాల దృశ్యం తర్వాత ఆరువందల మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కార్యక్రమం నాలుగు నెలలు ఆగిపోయింది. మన దేశంలోనూ ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచి మార్గదర్శకాలున్నాయి. వాటిని ఏ వెబ్‌సైట్లో పెట్టినా, పక్కన ‘న్యూ’ అని మిణుకుమిణుకుమనే ఎర్ర జిఫ్ ఒకటి ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ప్రకటన పాతబడవచ్చు, గడువు తీరిపోవచ్చు, సంతకం చేసిన అధికారి రిటైర్ కావచ్చు. ‘న్యూ’ మాత్రం కొత్తగానే ఉంటుంది. అక్షరాలను మెరిపించే బ్లింక్ ట్యాగును ఫైర్‌ఫాక్స్ 2013లో తీసేసినా, ఆ ఉద్యోగాన్ని జిఫ్ నిరాటంకంగా నిర్వర్తిస్తోంది.

నివారణ కష్టమేమీ కాదు. జిఫ్‌లన్నింటినీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ఉచిత సాధనంతో వీడియోలుగా మార్చి, వరసగా అతికించి ఒకే ఫైలు చేస్తే ప్రతి దృశ్యం చివరిదాకా ఆడుతుంది. పవర్‌పాయింట్‌లోనే పెట్టాలంటే ఒక్కో స్లైడు గడువును దానిలోని బొమ్మ నిడివికి సరిపెట్టాలి. ఏడు సెకన్ల దండకు ఏడు సెకన్లు ఇస్తే సరి. టోకెన్ నంబరు వంటి అవసరమైన సంగతిని లూపులో కలపకుండా తెరలో ఒక మూల స్థిరంగా ఉంచాలి. బొమ్మ మూడుసార్లకు మించి తిరగనక్కర్లేదు. ఆ రెండు బైట్లలో సున్నాకు బదులు చిన్న అంకె వేస్తే అదే ఆగుతుంది. ఇవేవీ చేతకాకపోయినా దిగులు లేదు. పవర్‌పాయింట్‌లో ‘నిరంతరం తిప్పు’ అన్న ఎంపిక పక్కనే, ఎస్కేప్ మీట నొక్కేదాకా అన్న షరతు కూడా రాసి ఉంటుంది. ఆ మీట దాదాపు ప్రతి కీబోర్డు మీదా ఎడమవైపు పై మూలన దొరుకుతుంది.