ఐదో రోజు తరవాత

నేను ఇంక్యుబేటర్ని. విజయవాడలో ఓ సంతాన సాఫల్య కేంద్రం ల్యాబులో ఉంటాను. నెలలు నిండని పసికందుల్ని పడుకోబెట్టే గాజు పెట్టె అనుకునేరు, అది వేరు. నా దగ్గరుండేవాళ్ళు ఇంకా కంటికి ఆనరు.

నా లోపల ఎప్పుడూ చీకటే. 37 డిగ్రీల వెచ్చదనం, 6 శాతం కార్బన్ డయాక్సైడ్, 5 శాతం ఆక్సిజన్. చిన్న ప్లాస్టిక్ డిష్‌లో, నూనె పొర కింద, చుక్కకో పిండం. రెండో రోజుకి నాలుగు కణాలు, మూడో రోజుకి ఎనిమిది. ఐదో రోజుకి నడుమ నీరు చేరి బంతిలా పొంగుతుంది. ఓ పక్కన బిడ్డ కాబోయే కణాల ముద్ద, చుట్టూ మాయ కాబోయే పొర. తలుపు తీస్తే వేడీ గ్యాసూ పడిపోతాయని ఎంబ్రియాలజిస్టు అమ్మాయి చూడాల్సింది చూసి చప్పున మూసేస్తుంది.

1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డమ్‌లో ఇలా ల్యాబులో మొదలైన తొలి బిడ్డ లూయీస్ బ్రౌన్ పుట్టినప్పుడు, ఈ పిల్ల ఆరోగ్యంగా పెరుగుతుందా అని అందరికీ అనుమానమే. 2006లో ఆమెకు సహజంగానే కొడుకు పుట్టాడు. అదే 1978 అక్టోబరులో కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో ఇలాగే దుర్గ అనే పాప పుట్టింది. మనవాళ్ళు ఆయన్ని నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆ పాప మాత్రం నిక్షేపంగా పెరిగింది.

ఇలా పుట్టిన పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యవంతులే. అయితే నెల తక్కువగా, బరువు తక్కువగా పుట్టే అవకాశం కాస్త ఎక్కువ. అందులో కొంత తల్లిదండ్రుల సమస్యల వల్లే. పెద్ద కారణం మాత్రం కవలలు. గర్భంలో ఎన్ని పిండాలు పెట్టాలన్నది మన చేతిలో ఉన్నదే.

మొన్న ఎంబ్రియాలజిస్టు అమ్మాయి డాక్టరమ్మని అడిగింది: "మేడమ్, ఆ పేషెంటు పిండాలు రెండూ బాగున్నాయి. ఆవిడ అత్తగారు రెండూ పెట్టించమంటున్నారు, మళ్ళీ ఖర్చు ఉండదని."

"ఒక్కటే పెడదామమ్మా. రెండోది ఫ్రీజ్ చెయ్యి. నెలల ముందే పుడితే పసికందుల ఐసీయూ ఖర్చు ఎంతో వాళ్ళకి నేను చెప్తాను. పిల్లల అవస్థ సంగతి సరే సరి."

నాకు ప్రాణం లేచొచ్చింది. రెండోది మైనస్ 196 డిగ్రీల నత్రజనిలోకి వెళ్ళింది.

నన్ను వదలని ఆలోచన ఇంకొకటుంది. పిండం పెరిగే ద్రవాన్ని బట్టి పుట్టుక బరువులో తేడా వస్తోందని నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పరిశోధకులు 2010లో చెప్పారు. నా దగ్గరున్న ఆ కొద్ది రోజుల ప్రభావం బిడ్డ ఒంటి మీద కనిపిస్తుందన్న మాట! అలాంటప్పుడు మా ఫైలు గర్భపరీక్ష "పాజిటివ్" అన్న ముక్కతో మూసేస్తే ఎలా? గోడ మీద పోస్టరులో ఉండేదీ ఆ పాజిటివ్‌ల శాతమే. పుట్టిన బరువు, ఏ వారంలో పుట్టారన్నది, బడికెళ్ళే వయసులో ఎత్తు, రక్తపోటు: ఇవి కూడా తల్లిదండ్రుల్ని అడిగి, వాళ్ళు ఒప్పుకుంటే రాసిపెట్టాలి. ఆ ఫైలులో ఖాళీ కాగితాలు చాలానే ఉన్నాయి.